ఈరోజు ఎన్‌కోడింగ్, రేపటి బ్లూరే డిస్క్: మన ఉత్సవాల వీడియోలకి ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

మన ఛానల్ వీడియోల వెనక కంప్యూటర్ పని కొంత నేను చూస్తుంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి ఎడిటింగ్. ఈసారి పోస్టు కథ గురించి కాదు, కథని దాచుకోవడం గురించి. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, కానీ ఓపిగ్గా చదివితే ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పనే.

ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుందాం. మీ ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ఎనభై దాటిన ఒక పెద్దాయన మూడు గంటలు హరికథ చెప్పారు అనుకోండి. మీరు దాన్ని మొత్తం తీశారు. వచ్చే ఏడాది ఆయన గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేం. ఇంకో టేక్ లేదు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఒక కాపీ యూట్యూబ్‌లో, ఒక కాపీ ఇంట్లో, ఒకటి న్యూజెర్సీలో ఉన్న కొడుక్కి కావాలన్నారు.

ఇప్పుడు మనలో చాలామంది ఏం చేస్తాం? ఫోన్ యాప్‌లో ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, యూట్యూబ్‌కి ఎక్కించి, స్టోరేజ్ నిండిపోయిందని అసలు ఫైల్ తీసేస్తాం. మూడేళ్ల తర్వాత డిస్క్ మీద కావాలంటే చేతిలో ఉండేది ఆ ఎక్స్‌పోర్ట్ ఫైలే. అది డిస్క్ నియమాలకి సరిపోకపోతే మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది. జెరాక్స్ మీద జెరాక్స్ తీసినట్టే. మొదటిసారి పెద్దగా తేడా కనపడదు, రెండోసారి దీపం చుట్టూ గళ్లు గళ్లుగా మొదలవుతుంది.

అందుకని నేను చెప్పేది ఒకటే. కెమెరా ఫైల్ నుంచి మొదటిసారి ఎన్‌కోడ్ చేసేటప్పుడే బ్లూరే నియమాల లోపల ఉండేలా ఒక కాపీ చేసి పెట్టుకోండి. అప్పుడు రేపు డిస్క్ చేయాలంటే వీడియోని ముట్టుకోనక్కర్లేదు, పైనున్న డబ్బా మారిస్తే చాలు. అది కొన్ని నిమిషాల పని.

"డిస్కులు ఎవరు చూస్తున్నారు బ్రో" అంటారని తెలుసు. నిజమే. సోనీ 2025 ఫిబ్రవరితో రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. శాంసంగ్ 2019లోనే కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానేసింది. అయినా ఈ నియమాలు ఎందుకు పట్టుకుంటున్నానంటే, 2006లో మార్కెట్లోకి వచ్చిన ఆ స్పెసిఫికేషన్ అక్కడే స్థిరంగా ఉండిపోయింది. ఆ పరిధిలో చేసిన హెచ్.264 వీడియో డిస్క్ మీదే కాదు, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టినా, పాత లాప్‌టాప్‌లో పెట్టినా, ఐదువేల రూపాయల ఫోన్‌లో పెట్టినా దాదాపు ఎక్కడైనా ఆడుతుంది. అంటే డిస్క్ వచ్చినా రాకపోయినా మనకి నష్టం లేదు.

కొంచెం చరిత్ర కూడా పనికొస్తుంది. అప్పట్లో హెచ్‌డీ డీవీడీ, బ్లూరే అని రెండు ఫార్మాట్లు కొట్టుకున్నాయి. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేయడంతో బ్లూరే గెలిచింది. ఆ రోజుల్లో ఇళ్లలో ఎన్‌కోడింగ్ చేసేవాళ్లు ఫైల్ సైజు తగ్గాలని హెచ్.264లో ఉన్న ప్రతి ఆప్షన్‌నీ చివరికంటా లాగేవారు. కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఆడేవి, ప్లేయర్‌లో పెడితే ఆడేవి కావు. ఉచితంగా దొరికే ఎక్స్264 ఎన్‌కోడర్‌కి పూర్తి బ్లూరే అనుకూలత 2010లో వచ్చింది. ఈరోజు హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి వాటి లోపల హెచ్.264 పని చేసేది సాధారణంగా ఆ ఎక్స్264నే.

ప్లేయర్‌కి ఏంటి ఇబ్బంది?

ఇది అర్థమైతే సగం సెట్టింగ్స్ బట్టీ పట్టనక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ పైన ఓవర్‌హెడ్ ట్యాంక్ ఉంటుంది కదా. కింద నుంచి మోటారు ఒకే వేగంతో నీళ్లు ఎక్కిస్తుంది. ఫ్లాట్లలో కుళాయిలు ఒక్కోసారి కొంచెం, ఒక్కోసారి చాలా లాగుతాయి. అందరూ ఒకేసారి తిప్పితే ట్యాంక్ ఖాళీ.

ప్లేయర్‌లో కూడా అంతే. డిస్క్ నుంచి వీడియో సెకనుకి గరిష్ఠంగా 40 మెగాబిట్ల వేగంతో వస్తుంది. అది చేరే ట్యాంక్ సైజు 30 మెగాబిట్లు. ప్రతి ఫ్రేమ్‌ని విప్పడానికి డీకోడర్ ఆ ట్యాంక్ నుంచి తీసుకుంటుంది. దాసుగారు నిలబడి మాట్లాడుతుంటే ఫ్రేములు చిన్నవి. సీతారాముల మీద తలంబ్రాలు పోస్తున్నప్పుడు చూడండి, వేల బియ్యపు గింజలు, ఒక్కోటీ ఒక్కో దిక్కుకి. ఎన్‌కోడర్‌కి ముందు ఫ్రేమ్ నుంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ దొరకదు, ఫ్రేమ్ సైజు ఒక్కసారి పెరిగిపోతుంది. హద్దు పెట్టకపోతే ట్యాంక్ ఖాళీ అయి సరిగ్గా తలంబ్రాల దగ్గరే బొమ్మ ఆగుతుంది. ఇంట్లోవాళ్లు డిస్క్ అడిగిందే ఆ సీన్ కోసం!

ఈ హద్దు పేరు వీబీవీ. ఎక్స్264లో వీబీవీ-మ్యాక్స్‌రేట్ 40000, వీబీవీ-బఫ్‌సైజ్ 30000 అని పెట్టాలి (కిలోబిట్లలో). ఇవి పైహద్దులు మాత్రమే, సగటు అంతకంటే చాలా తక్కువ ఉంటుంది.

మిగతా సెట్టింగ్స్ త్వరగా చెప్పేస్తాను. ప్రొఫైల్ హై, లెవెల్ 4.1. లెవెల్ 4.1 పెడితే ప్రతి ఫ్రేమ్‌ని కనీసం 4 స్లైసులుగా కోయాలి, కాబట్టి స్లైసెస్ 4. కీఫ్రేమ్ దూరం (కీఇంట్) ఒక సెకనుకి మించకూడదు. 25 ఫ్రేముల వీడియో అయితే 25, 23.976 అయితే 24. గరిష్ఠ వేగం 15 మెగాబిట్ల లోపు కట్టేస్తే రెండు సెకన్ల దాకా వెళ్లొచ్చు, కానీ నేను ఒక సెకనే పెడతాను. రిమోట్‌తో ముందుకీ వెనక్కీ జరిపేటప్పుడు చక్కగా ఉంటుంది. దీనివల్ల సైజు కొంచెం పెరుగుతుంది, ఫర్వాలేదు. కలర్‌కి మూడు చోట్లా బీటీ.709.

ఇక బ్లూరే-కంపాట్ అని ఒక స్విచ్ ఉంది. దాన్ని 1 చేస్తే బీ-ఫ్రేములు 3కి, రిఫరెన్స్ ఫ్రేములు పరిమితికి, ఇంకా కొన్ని చిన్న విషయాలు వాటంతట అవే సర్దుకుంటాయి. చాలామంది ఇది ఒక్కటి పెట్టి అయిపోయింది అనుకుంటారు. కాదు. వీబీవీ, లెవెల్, కీఇంట్, స్లైసెస్ మనమే విడిగా చెప్పాలి. హ్యాండ్‌బ్రేక్‌లో అయితే ప్రొఫైల్‌కీ లెవెల్‌కీ మెనూలు ఉన్నాయి, మిగతావి కింద ఉండే అదనపు ఆప్షన్ల పెట్టెలో ఇంగ్లీషులో టైప్ చేయాలి, ఒక్కోదాని మధ్య కోలన్ పెట్టి. అలాగే క్రాపింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే ఆపేయండి. చీకటి సీన్లు చూసి నల్ల అంచులనుకుని కోసేస్తుంది, ఫ్రేమ్ 1920 బై 1080 కాకుండా పోతుంది. బ్లూరేకి సైజు ఖచ్చితంగా ఉండాలి: 1920 బై 1080, లేదంటే 1280 బై 720. నిలువుగా తీసిన రీల్ అయితే రెండు పక్కలా నలుపు నింపి అడ్డంగా చేయాల్సిందే.

అసలు చిక్కు ఫ్రేమ్ రేట్

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఎందుకంటే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

1080లో బ్లూరే ఒప్పుకునేవి: ప్రోగ్రెసివ్ అయితే 23.976 లేదా 24. ఇంటర్‌లేస్డ్ అయితే 25 లేదా 29.97 (అంటే 50, 59.94 ఫీల్డ్స్). 720లో అయితే 50, 59.94 ప్రోగ్రెసివ్ కూడా కుదురుతుంది. ఫోన్లలో మనం గర్వంగా పెట్టుకునే 1080పి 60 ఈ జాబితాలో లేదు. 4కే అసలే లేదు, అది అల్ట్రా హెచ్‌డీ బ్లూరే అనే వేరే సంగతి.

మరి 25 ప్రోగ్రెసివ్‌లో తీస్తే? దానికి దారుంది. బొమ్మ ప్రోగ్రెసివ్‌గానే ఉంటుంది, కానీ ప్లేయర్‌కి ఇంటర్‌లేస్డ్ అని చెప్తాం. ఎక్స్264లో దీని పేరే ఫేక్-ఇంటర్‌లేస్డ్. నాణ్యత ఏమీ పోదు. 29.97కి కూడా ఇదే చిట్కా.

ఫోన్ ఫైల్స్‌లో ఇంకో మెలిక. చాలా ఫోన్లు స్థిరమైన రేటుతో తీయవు. వెలుతురు తగ్గితే 30 కాస్తా 27, 24 అవుతుంది, మళ్లీ పెరుగుతుంది. డిస్క్‌కి ఇది కుదరదు. అందుకే ఎన్‌కోడ్ చేసేటప్పుడు కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ అని తప్పకుండా పెట్టండి. లేకపోతే మూడు గంటల కథలో మొదట్లో బాగానే ఉండి, లంకాదహనం వచ్చేసరికి దాసుగారి పెదాలు ఒక చోట, మాట ఒక చోట ఉంటాయి. ఫోన్ 30 అని చూపించినా మనం ఎంచుకోవాల్సింది 29.97. సుమారు 33 సెకన్లకి ఒక ఫ్రేమ్ వదిలేస్తుంది, ఎవరి కంటికీ ఆనదు, ధ్వని మాత్రం సరిగ్గా కలుస్తుంది.

ఇప్పుడు న్యూజెర్సీ సంగతి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, పాత టీవీ పద్ధతి పాల్. అందుకని మన వీడియోగ్రాఫర్లు చాలామంది 25 లేదా 50లో తీస్తారు. ఇక్కడ అమ్మే ప్లేయర్లు, టీవీలు 50నీ 60నీ రెండిటినీ తీసుకుంటాయి. అమెరికాలో అమ్మినవి చాలావాటికి 50 హెర్ట్జ్ చేతకాదు. డిస్క్ పెడితే నల్ల తెర, లేదంటే సపోర్ట్ చేయదని ఒక మెసేజ్. డిస్క్ తప్పు కాదు, ప్లేయర్ చెడిపోలేదు, అయినా పదమూడువేల కిలోమీటర్లు వెళ్లిన డిస్క్ బల్ల మీద ఉండిపోతుంది. (రీజియన్ కోడ్ గురించి భయం వద్దు. మనం ఇంట్లో రాసే డిస్కులకి అది పెట్టనక్కర్లేదు.)

అందుకే చుట్టాలు అమెరికాలో ఉన్న కార్యక్రమమైతే తీసేటప్పుడే 23.976 గానీ 29.97 గానీ ఎంచుకోమంటాను. అప్పుడు డిస్క్ రెండు దేశాల్లోనూ ఆడుతుంది. పందిట్లో ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీ దండలు మినుకుమినుకుమంటాయని భయపడి 25 పెడుతుంటారు. దానికి విరుగుడు షట్టర్‌లో ఉంది. మన లైట్ల వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే 24లో తీసినా 30లో తీసినా చాలావరకు మినుకు కనపడదు. ఫోన్లో ప్రో మోడ్‌లో ఇది మార్చుకోవచ్చు. వీడియోగ్రాఫర్‌ని పెట్టుకుంటే అడ్వాన్సు ఇచ్చేరోజే ఈ మాట చెప్పండి, పందిరి కింద నిలబడి చెప్తే వినరు.

కూచిపూడి లాంటి నాట్యానికి మాత్రం నా ఓటు వేరు. జతి వేగంగా వేసేటప్పుడు పాదాలు సెకనుకి 24 ఫ్రేముల్లో చెరిగిపోయినట్టు ఉంటాయి. అక్కడ 1080 వదులుకుని 720లో 59.94 ప్రోగ్రెసివ్ తీసుకుంటాను. గజ్జెల కదలిక కనపడటం ముఖ్యం, గజ్జెలు లెక్కపెట్టగలగడం కాదు. హరికథకి, పురాణ కాలక్షేపానికి, కల్యాణానికి 1080లో 23.976 హాయిగా సరిపోతుంది.

దీపాలు, సాంబ్రాణి, కుంకుమ

మన వీడియోలకి ఉన్న ప్రత్యేక కష్టాలివి, విదేశీ గైడ్లలో దొరకవు. బ్లూరేలో రంగు 8-బిట్, అదీ 4:2:0. అంటే వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి ఒకటి. ముదురు కుంకుమ, ఎర్ర పట్టుచీర అంచు కొంచెం చెమ్మగిల్లినట్టు కనపడేది అందుకే. దీన్ని సెట్టింగ్‌తో పూర్తిగా పోగొట్టలేం. ఎడిటింగ్‌లో సాచురేషన్ పెంచకుండా ఉంటే చాలా నయం.

సాంబ్రాణి పొగ, హారతి వెనక చీకటి, ఇవి 8-బిట్‌లో మెట్లు మెట్లుగా విడిపోతాయి. ఎక్యూ-మోడ్ 3 పెడితే చీకటి భాగాలకి ఎన్‌కోడర్ ఎక్కువ బిట్లు ఖర్చు పెడుతుంది, బ్లూరే నియమాలకి అడ్డురాదు. ఇంకోటి, గ్రెయిన్ కనపడుతోందని డీనాయిస్ ఫిల్టర్ గట్టిగా వాడకండి. ఆ సన్నని ఇసకలాంటి మచ్చలే మెట్లని కప్పిపెడతాయి. తుడిచేస్తే గోడ మీద వలయాలు బయటపడతాయి.

కొత్త ఫోన్లలో హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే ఫైల్ 10-బిట్ హెచ్ఈవీసీలో వస్తుంది. దాన్ని సరిగ్గా ఎస్‌డీఆర్‌కి మార్చకుండా ఎన్‌కోడ్ చేస్తే బంగారు కిరీటం పాలిపోయి తెల్లగా కనపడుతుంది. డిస్క్ ఆలోచన ఉంటే తీసేముందే హెచ్‌డీఆర్ ఆపేయడం మేలు.

ధ్వని

ఇక్కడ చాలామందికి తెలియని విషయం: యూట్యూబ్‌కి మనం వాడే ఏఏసీ ధ్వని బ్లూరేలో చెల్లదు. ఎల్‌పీసీఎం గానీ, డాల్బీ డిజిటల్ (ఏసీ-3, గరిష్ఠం 640 కిలోబిట్లు) గానీ కావాలి. శాంప్లింగ్ రేటు 48 కిలోహెర్ట్జ్. మైకుసెట్టు మిక్సర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న ఆడియో చాలాసార్లు 44.1లో ఉంటుంది, దాన్ని ఎడిటింగ్‌లోనే 48కి మార్చండి. మృదంగం, వయొలిన్, చిడతలు ఉన్న హరికథకి నేను ఎల్‌పీసీఎం స్టీరియోనే ఎంచుకుంటాను. 16-బిట్‌లో సెకనుకి 1.536 మెగాబిట్లు, మూడు గంటలకి సుమారు 2 జీబీ. ఆ మాత్రం ఇవ్వొచ్చు.

డిస్క్‌లో పడుతుందా?

సింగిల్ లేయర్ డిస్క్ 25 జీబీ. విండోస్‌లో 23.3 అని కనపడితే కంగారు పడకండి, లెక్కపెట్టే పద్ధతి వేరు. 25 జీబీ అంటే 2,00,000 మెగాబిట్లు. మూడు గంటలు అంటే 10,800 సెకన్లు. భాగిస్తే సెకనుకి 18.5. డబ్బా ఖర్చుకి, మెనూకి, కాస్త ఖాళీకి ఏడు శాతం తీసేయండి: 17.2. ధ్వనికి 1.5 పోతే 15.7. నేను 15 సగటు పెట్టి టూ-పాస్‌లో చేస్తాను. టూ-పాస్ అంటే మొదటి చుట్టులో ఎన్‌కోడర్ మొత్తం చూసి తలంబ్రాలు ఎక్కడ, నిలబడి మాట్లాడేది ఎక్కడ అని గుర్తుపెట్టుకుంటుంది, రెండో చుట్టులో బిట్లు పంచుతుంది. ప్రీసెట్ స్లో. రాత్రి పెట్టి పడుకోవడమే.

డిస్క్ ఇప్పుడే వద్దు, ఫైల్‌గానే ఉంచుకుంటాం అనేవాళ్లు ఇదే ఫైల్‌ని ఎంకేవీలో పెట్టుకోండి. కావలసిన రోజు టీఎస్‌మక్సర్ అనే ఉచిత టూల్‌కి ఇస్తే వీడియోని మార్చకుండా బ్లూరే ఫోల్డర్లు తయారు చేస్తుంది. డిస్క్ మీద రాసేటప్పుడు ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50 అని ఉండాలి, ఇమ్గ్‌బర్న్ లాంటి వాటిలో ఎంచుకోవచ్చు. కొనేటప్పుడు ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్న డిస్కులు తీసుకోకండి. వాటిలో సీడీల్లోలాగే సేంద్రియ రంగు పూత ఉంటుంది. మామూలు బీడీ-ఆర్ డిస్కుల్లో సాధారణంగా అకర్బన పొర ఉంటుంది, ఎండకీ వేడికీ అదే నయం.

ఇంత చేశాక కెమెరా అసలు ఫైల్ తీసేయొచ్చా అంటే, వద్దు. డిస్క్ కాపీ వాడుకోవడానికి, అసలు ఫైల్ మళ్లీ చేసుకోవడానికి. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లలో. యూట్యూబ్‌లో ఉంది కదా అనుకోకండి, అక్కడ మన వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేసి చూపిస్తారు, స్టూడియో నుంచి డౌన్‌లోడ్ చేస్తే మనం ఎక్కించిన ఫైల్ రాదు. యూట్యూబ్ కాపీని కూడా అసలు ఫైల్ నుంచే విడిగా చేయండి, దానికి ఈ హద్దులేవీ అక్కర్లేదు.

మొత్తం మూడు గంటలూ ఎన్‌కోడ్ చేసేముందు ఐదు నిమిషాల ముక్క ఒకటి చేసి చూడండి. ఏదో ఒక ఐదు నిమిషాలు కాదు, తలంబ్రాలు, హారతి, పొగ మూడూ ఉన్న ముక్క. తిరిగి రాయగలిగే బీడీ-ఆర్ఈ డిస్క్ ఒకటి కొనుక్కుంటే ఈ పరీక్షలకి ఏళ్ల తరబడి పనికొస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో కాదు, టీవీ కింద ఉన్న అసలు ప్లేయర్‌లో పెట్టి చూడాలి, కంప్యూటర్ దేన్నైనా ఆడిస్తుంది. తలంబ్రాల దగ్గర ఆగకపోతే, రిమోట్‌తో ముందుకి జరిపినప్పుడు సరిగ్గా లేస్తే, చివర్లో పెదాలూ మాటా కలిసి ఉంటే అదే సెట్టింగ్‌తో మొత్తం పెట్టేయండి. డిస్క్ కవర్ మీద దాసుగారి పేరు, ఊరు, తేదీ, ఏ కథ అన్నది రాయండి. పక్కనే ఫ్రేమ్ రేట్ కూడా రాస్తే న్యూజెర్సీలో పెట్టేవాళ్లకి ఫోన్ చేసి అడిగే పని ఉండదు.